అందరూ వచ్చారా

ముందు ఆ చప్పుడు వినిపిస్తుంది. టక్. కాస్త ఆగి, మళ్ళీ టక్. ఇనుము మీద ఇనుము. లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియని తలుపు మీద తట్టినట్టు, మెల్లగా. బస్సు కిటికీ అద్దాల మీద తెల్లవారుజాము తేమ ఇంకా ఆరలేదు. జనం సంచులు సర్దుకుంటున్నారు. ఒకాయన అప్పుడే నోరు తెరిచి నిద్రపోతున్నాడు. చప్పుడు వెనక వరస నుంచి ముందుకు వస్తోంది. ఒక్కో సీటు దగ్గరా ఆగుతోంది. ఆగిన చోటల్లా ఒక గొంతు, పక్కవాళ్ళకి వినపడనంత చిన్నగా, ఒకే మాట అడుగుతోంది.

"అక్కడ మీకోసం ఎవరు చూస్తుంటారు?"

"జనాభా లెక్కలా అమ్మా?" అంటాడొకడు. "మా ఆవిడ, ఇంకెవరు, చీపురు పట్టుకుని," అంటాడు ఇంకొకడు. ఒక అమ్మాయి జవాబు చెప్పకుండా కిటికీ వైపు తిరుగుతుంది. చప్పుడు ఆ సీటు దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడి, ఏమీ అనకుండా ముందుకు కదులుతుంది.

అప్పుడు మనిషి కనిపిస్తుంది. పొట్టి మనిషి. నెరిసిన జుట్టుని బిగించి ముడి వేసుకుంది. చేతిలో సామాన్ల అర తాళంచెవి, సీటు కడ్డీల మీద తట్టేది దాంతోనే. బస్టాండులో అందరూ ఆమెను బస్సక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళయిన డ్రైవర్లకు కూడా అక్కే. ఆమెకు వేరే పేరు ఉండేది. దాన్ని పలికే నోళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

ఒకప్పుడు ఆమె ఇంటి ముందు మూడు బస్సులు నిలబడేవి. కిరాయి బస్సులు. పెళ్ళివారిని, విహారానికి వెళ్ళే బడిపిల్లలని, చావు కబురు విని బయలుదేరిన బంధువులని మోసిన బస్సులు. మొదటిదాన్ని ఆమె భర్తే నడిపేవాడు. కిరాయి బండికో ధర్మం ఉందని ఆయన చెప్పేవాడు. బండి మనది, మంది వాళ్ళది. మందిలో ఒక్కడు తగ్గినా బండి కదలకూడదు. దారిలో ఎక్కడ ఆగినా, మళ్ళీ కదిలే ముందు ఆయన సీట్లోంచి వెనక్కి తిరిగి ఒక్క కేక వేసేవాడు.

"అందరూ వచ్చారా?"

జవాబు ఎప్పుడూ నిజమే వచ్చేది. ఆ బండిలో ఎవరు లేకపోయినా ఎవరికో ఒకరికి పక్కన వెలితి తగులుతుంది. "మామయ్య ఏడీ?" "అటు సిగరెట్టుకి పోయాడు." "చిన్నది?" "సీటు కింద దాక్కుంది." మంది తన లెక్క తానే చూసుకునేది. డ్రైవరు తలలు లెక్కపెట్టాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు. ఆమెకి ఆ కేక ఎంత అలవాటంటే, ఇంట్లో అన్నం వడ్డించే ముందు కూడా అదే అడిగేది. తినేవాళ్ళు ఆయనా తనూ ఇద్దరే అయినా.

తర్వాత మంది పలచబడింది. బడులు సొంత బండ్లు కొనుక్కున్నాయి. పెళ్ళివారు ఎవరి కార్లలో వాళ్ళు వెళ్ళి, అక్కడ కలుసుకోవడం నేర్చుకున్నారు. ఆయన నడుము పట్టేసి మంచానికి దగ్గరయ్యాడు. స్టీరింగు ఆమె తమ్ముడి చేతికి వచ్చింది. బస్సులు షెడ్డులో నిలబడ్డాయి. నిలబడ్డ బస్సు ఊరికే నిలబడదు, లోలోపల చచ్చిపోతుంటుంది. ఎలుకలు వైర్లు కొరికాయి. టైర్లు ఒకే పక్క నేలకు అణిగి చదునయ్యాయి. ఒక పిచ్చుక గాలి వచ్చే గొట్టంలో గూడు కట్టుకుంది. ఆయన ఆ గూడు చూసి, "పోనీలే, ఒక ప్యాసింజరన్నా ఎక్కింది," అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వి, షెడ్డు వెనక్కి వెళ్ళి, ఎంతసేపటికీ రాలేదు.

లైను మాట ఎత్తింది తమ్ముడే. ఈ నగరం నుంచి ఆ నగరానికి, రోజూ ఒకే వేళకి.

"అక్కా, మంది పిలుస్తారని కూర్చుంటే ఎవరూ పిలవరు. మనమే రోజూ బయలుదేరదాం. ఎవరెక్కితే వాళ్ళే మంది."

"ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఎక్కించుకునా?" అన్నాడు ఆయన మంచం మీంచి.

"నీకు పెళ్ళివాళ్ళందరూ తెలిసే ఎక్కారా బావా?"

"నాకు తెలియకపోయినా వాళ్ళకి వాళ్ళు తెలుసురా."

ఆ మాట అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. రెండు బస్సులు అమ్మేసి, మూడోదానికి కొత్త సీట్లు, కొత్త రంగు వేయించారు. పర్మిట్ తెచ్చుకున్నారు. ఇంక అమ్మడానికి ఏమీ మిగల్లేదు. లైను నిలబడాలి, లేదా ఆ ఇంట్లో ముగ్గురూ కూలబడాలి. మధ్యలో ఇంకో మెట్టు లేదు. టికెట్లు ఇవ్వడానికి మనిషిని పెట్టుకునే స్తోమత లేక ఆమే బస్సెక్కింది.

మొదటి రోజు, ఇంజను ఆన్ చేసి ఎంతకీ కదలకపోతే, ముందు సీటు ఆయన అడిగాడు.

"అమ్మా, ఎప్పుడు బయలుదేరుతుంది?"

"అందరూ రాగానే నాయనా."

"అందరూ అంటే ఎవరమ్మా?"

ఆమె కిటికీలోంచి చూసింది. బయట వందల మంది అటూ ఇటూ పోతున్నారు. అందులో తనవాళ్ళెవరో, కానివాళ్ళెవరో ఏ మొహం మీదా రాసి లేదు. గేటు దగ్గర ఎవరో చెయ్యెత్తితే తమ్ముడు ఆగాడు. ఆ మనిషి చెయ్యెత్తింది ఆటో కోసం. ఆ రోజు ఆలస్యంగా చేరారు. మరోసారి, దారిలో హోటలు దగ్గర దిగిన ముసలాయన ఒకరు తాపీగా వెనక్కి వచ్చేదాకా కాచుకున్నారు. మళ్ళీ ఆలస్యం. అవతలి బస్టాండు అధికారి కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఏమ్మా, మీది బస్సా, చుట్టాల ఇల్లా? కొత్తవాళ్ళని రెండుసార్లు ఊరుకున్నాను. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఈ ప్లాట్‌ఫారం వాళ్ళకిచ్చేస్తాను."

ఆయన చూపించిన వైపు ఒక తెల్ల బస్సు ఉంది. దాని డ్రైవరు మెట్టు మీద కూర్చుని నారింజ ఒలుచుకుంటున్నాడు. ఏ తొందరా లేనివాడిలా, తొక్క తెగకుండా, గుండ్రంగా. ఆ తొక్క చాలా రోజులు ఆమె కలలోకి వచ్చింది.

ఆ తర్వాత ఒక రోజు, వాన వెలిసిన ఉదయం. బస్సు దాదాపు నిండింది. అలా నిండడం అదే మొదటిసారి. ముందు వరసలో నాలుక పదునైన పెద్దావిడ. ఆవిడ వెనక మందుల కంపెనీ సేల్స్ ఆయన, కాళ్ళ దగ్గర పెద్ద సూట్‌కేసు. మధ్యలో చెవుల్లో పాటలు పెట్టుకున్న కుర్రవాడు, వాడికి అవతలి పక్కన పాపతో ఒక తల్లి. వెనక వరసలో కిటికీ దగ్గర బూడిదరంగు చొక్కా ఆయన. టికెట్టు ఇచ్చేటప్పుడు ఆయన, "వేళకి చేరుస్తారుగా?" అని అడిగాడు. "చేరుస్తాం బాబూ," అంది ఆమె. అందరూ అడిగేదే, అందరికీ చెప్పేదే.

దారి మధ్యలో పెట్రోలు బంకు పక్క హోటలు దగ్గర ఆపారు. పాప నిద్రపోతోంది. పాలసీసాకి వేడినీళ్ళు కావాలి. తల్లి పాపని సీట్లో పడుకోబెట్టి, దొర్లకుండా తన చేతిసంచి అడ్డం పెట్టి, "కాస్త చూస్తుండండి," అని కుర్రవాడికి చెప్పి దిగింది. కుర్రవాడు తలూపాడు. ఆ తలూపడం ఆమె మాటకి కాదు, చెవిలో పాటకి.

బస్సక్క మనసులో నారింజ తొక్క తిరుగుతోంది. ఒక్కొక్కరే ఎక్కారు. ఆమె మెట్టు మీద నిలబడి లోపలికి ఒక్క కేక వేసింది.

"అందరూ వచ్చారా?"

"వచ్చారు, వచ్చారు, పోనీండి," అన్నాడు సేల్స్ ఆయన, అందరి పెద్దమనిషిలాగా.

బస్సు కదిలింది. ఎవరి పక్కన వెలితో ఎవరికీ తెలియదు. ఎవరికీ ఎవరూ ఏమీ కారు.

పాప లేచింది. మొదట చిన్న కూతలా, తర్వాత బస్సు రేకులు అదిరేలా ఏడ్చింది. "ఎవరమ్మా ఆ పిల్ల తల్లి, కాస్త పాలివ్వు," అంది ముందు నుంచి పెద్దావిడ. జవాబు లేదు. ఆవిడ తిరిగి చూసింది. బస్సంతా తిరిగి చూసింది. కుర్రవాడు చెవుల్లోంచి పాటలు పీకేసి, పక్క సీటు చూసి, తెల్లబోయాడు. చేతిసంచిలో తల్లి ఫోను మోగింది. బస్సక్క గబగబా తీసేసరికి ఆగిపోయింది. ఎవరి ఫోనులోంచో చేసిందో ఏమో, తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. హోటలు నంబరు తమ్ముడి దగ్గర ఉంది. దానికీ అంతే, మోగుతూనే ఉంది. హోటల్లో వాళ్ళందరూ అప్పటికే ఆ తల్లి వెనక రోడ్డు మీదికి పరిగెత్తారని వీళ్ళకి తెలియదు.

"అక్కా, చెప్పు. ముందుకా, వెనక్కా?" తమ్ముడు అద్దంలోంచి ఆమె కళ్ళలోకి చూశాడు. "వెనక్కి తిప్పితే లైను పోయినట్టే. అది తెలిసే చెప్పు."

"ముందు ఊళ్ళో పోలీసులకి అప్పజెప్పండి, ఆవిడ వెనక బస్సులో వస్తుంది," అన్నాడు సేల్స్ ఆయన.

"నోటికి ఎంతొస్తే అంతేనా బాబూ?" అంది పెద్దావిడ. "అందరూ వచ్చారని దండోరా వేసింది నువ్వేగా. నిన్నప్పజెబుతాం పోలీసులకి."

"నా మీద పడతారేంటండీ, నాకు తెలిసిందే చెప్పాను."

"నీకు తెలిసింది నీ సూట్‌కేసు వచ్చిందని."

పాపని బస్సక్క ఎత్తుకుంది. ఆ ఒంట్లోంచి వేడి ఆమె భుజం దాకా పాకింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంట్లో మంచం మీద మనిషి, అద్దంలో తమ్ముడి కళ్ళు, నారింజ తొక్క, చేతుల్లో ఎవరి బిడ్డో. ఆమె బస్సు మధ్యలో నిలబడి, తన కాలమంతా ఏ గొంతుతో అడిగిందో ఆ గొంతుతోనే అడిగింది.

"వెనక్కి తిప్పుతున్నాం. అందరికీ సమ్మతమేనా?"

"సమ్మతమే, తిప్పండి," అన్నారు నలుగురైదుగురు గట్టిగా. చివరికి సేల్స్ ఆయన కూడా. వెనక వరసలో బూడిదరంగు చొక్కా ఆయన సగం లేచాడు. చేతిలో ఫోను. ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది. పాప గుక్కపట్టింది. ఆయన పాప వైపు చూసి, మళ్ళీ కూర్చున్నాడు. పై అరలో సంచి సర్దుకోబోయి మానేశాడనుకుంది ఆమె.

రోడ్డు మధ్య గోడ ఉంది. తిరగాలంటే ఇంకా పైకి పోయి వంతెన కింద నుంచి రావాలి. వెనక్కి వెళ్ళడానికి కూడా ముందుకే వెళ్ళాల్సి వచ్చింది.

తిరిగి వస్తుంటే కనిపించింది, గోడకి అవతలి పక్క, వాననీళ్ళ రోడ్డు మీద, చెప్పుల్లేకుండా, బస్సు పోయిన దిక్కుకి పరిగెడుతున్న తల్లి. ఆమె వెనక చాలా దూరంలో హోటలు మనుషులు చేతులూపుతున్నారు. తల్లి ఒక చేతిలో పాలసీసా ఇంకా అలాగే ఉంది, నిటారుగా, ఒలికిపోకుండా. తమ్ముడు బస్సు ఆపాడు. బస్సక్క దిగి గోడ దగ్గరికి పరిగెత్తి పాపని రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకుంది. వాన కడిగిన ఆకాశంలో ఒక ఎర్రగౌను. తల్లి చూసింది. చూసి, రోడ్డు మీదే కూలబడింది.

ఆ తర్వాత కాసేపు అది మళ్ళీ కిరాయి బండి అయింది. తల్లి కాళ్ళకి పెద్దావిడ తన తువ్వాలు చుట్టింది. కుర్రవాడు తల్లి ముందు తల వంచుకుని నిలబడితే ఆమె, "నీ పాట ఎంత బాగుందో కానీ నాయనా, ఇంకెప్పుడూ వినకు," అంది. అందరూ నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ. సేల్స్ ఆయన అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. బిస్కెట్లు చేతులు మారాయి. ఎవరి ఊరేదో, ఎవరి పిల్లలేం చదువుతున్నారో బస్సంతా తెలిసిపోయింది. బస్సక్క ముందు సీట్లో కూర్చుని అనుకుంది, పోతే పోనీ లైను, ఇదిగో, నా మంది నాకు దొరికారు. ఎంత కాలానికి అంత తేలికగా ఊపిరి తీసుకుందో.

వెనక్కి తిరిగి చూసింది ఒకసారి. అన్ని మొహాలూ లోపలికి తిరిగి ఉన్నాయి, ఒక్కటి తప్ప. బూడిదరంగు చొక్కా ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ఫోను జేబులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. ఎవరో బిస్కెట్ అందిస్తే తీసుకుని చేతిలోనే పట్టుకున్నాడు.

చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. దిగేవాళ్ళందరూ ఆమె చేతులు పట్టుకుని దిగారు. చివరగా ఆయన దిగాడు. బిస్కెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"ఇక్కణ్ణుంచి పెద్దాసుపత్రి ఎంత దూరమమ్మా?"

"దగ్గరే బాబూ, ఆ మలుపు తిరిగితే వచ్చేస్తుంది." ఆమె మొహం మీద నవ్వు ఇంకా చెరగలేదు. "ఎవరికి బాలేదు?"

"మా అమ్మకి," అన్నాడు. కొంచెం ఆగి, "ఇందాకటిదాకా బాలేదు," అన్నాడు.

ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అయ్యో... చెప్పలేదే బాబూ. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"పాప ఏడుస్తోంది కదమ్మా," అన్నాడాయన. తప్పు పడుతున్నట్టు కాదు, వాన కురిసింది కదా అన్నట్టు. చేతిలో బిస్కెట్ చూసుకుని, దాన్నేం చెయ్యాలో తెలియక, ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

లైను పోలేదు. అదే ఆమెని అన్నిటికంటే ఎక్కువ కాల్చింది. పెద్దావిడ తిన్నగా అధికారి గదిలోకి వెళ్ళి కూర్చుంది. సేల్స్ ఆయన స్టాండులో కనిపించినవాడికల్లా కథ చెప్పాడు. తనే బస్సు తిప్పించినట్టుగా చెప్పాడు. సాయంత్రానికి అధికారి ఆమెని పిలిపించి, "ఇలాంటి బండిని తీసేస్తే జనం నన్ను తంతారమ్మా," అని మంచినీళ్ళు ఇచ్చాడు. తెల్ల బస్సు ఇంకో స్టాండుకి పోయింది. వీళ్ళ బస్సుకి, వెనక్కి తిరిగిన బస్సని పేరు పడింది. ఆ పేరు అడిగి మరీ ఎక్కేవాళ్ళు వచ్చారు. ఇప్పుడు సీట్లు మిగలవు.

ఆ రోజు ఇంటికి రాగానే జరిగిందంతా చెబితే భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు తిప్పకపోతే ఆ తల్లి ఆ రోడ్డు మీదే ఏదన్నా లారీ కింద పడేది."

"తెలుసండీ."

"మరింకేంటి?"

"రెండోసారి కూడా అలాగే అడిగానండీ. అందరికీ సమ్మతమేనా అని. అరిచిన నలుగుర్నీ అందరూ అనుకున్నాను."

ఆ కేక నేర్పింది ఆయనే.

ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. పేరు తెలియదు. రోగి పేరూ తెలియదు. గేటు దగ్గర కాపలావాడు విసుక్కున్నాడు. "చొక్కా రంగు చెబితే ఎట్లా అమ్మా? ఇక్కడికొచ్చేవాళ్ళంతా అదే రంగులో ఉంటారు." లోపల కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి, "మీరు ఆయనకేమవుతారు?" అని అడిగింది. బస్సక్క చాలాసేపు ఆలోచించి, "బస్సు," అంది. ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక తల దించుకుంది. తర్వాత చాలా మధ్యాహ్నాలు, బస్సు తిరుగుప్రయాణానికి ముందు, ఆమె ఆ గేటుకి ఎదురుగా నిలబడింది. కిరాయి రోజుల్లో ఎవరి వస్తువు బస్సులో పోయినా ఇంటికి వెళ్ళి ఇచ్చి వచ్చేది. ఇప్పుడు ఆ బిస్కెట్ చేతిలో ఉంది, ఇల్లెక్కడో తెలియదు. ఆయన పోగొట్టుకున్నది తిరిగి ఇచ్చేదీ కాదు. చివరికి కాపలావాడే జాలిపడి స్టూలు వేశాడు. ఆయన కనపడలేదు. మళ్ళీ ఆ బస్సు ఎక్కనూ లేదు. ఎక్కి ఉంటే, మొహం తను గుర్తుపట్టి ఉండేదా అన్నది ఆమెకి అన్నిటికంటే పెద్ద భయం. ఆయన మొహం చెరిగిపోతోంది. బిస్కెట్ పట్టుకున్న చెయ్యి ఒక్కటే మిగిలింది.

పాప తల్లి అప్పుడప్పుడూ బస్టాండుకి వస్తుంది. "అమ్మమ్మకి దణ్ణం పెట్టు," అని పిల్లని ముందుకు తోస్తుంది. పిల్లకి నడక వచ్చింది, తర్వాత మాటలు వచ్చాయి. బస్సక్క దాన్ని ఎత్తుకుంటుంది. ఎత్తుకున్న ప్రతిసారీ, ఎక్కడో ఒక కొడుకు తల్లి మంచం దగ్గరికి నడుస్తూ నడుస్తూ చేరకుండా ఉండిపోతాడు. పిల్ల ఆమె ముక్కు పట్టుకుని లాగుతుంది. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు ఎంత బరువో మోసేవాళ్ళకే తెలియాలి.

తాళంచెవితో తట్టడం ఆ రోజుల్లోనే మొదలైంది. కేక వెయ్యడం మానేసింది. ఒక్కో సీటు దగ్గరికీ వెళ్ళి, ఒక్కో మనిషినీ అడగడం. మొదట్లో తమ్ముడు భరించలేకపోయాడు.

"అడుగుతున్నావు సరే. వాళ్ళు చెప్పిందాంతో ఏం చేస్తావక్కా?"

"తెలుస్తుంది కదరా."

"తెలిస్తే? ఆ రోజు ఆయన ముందే చెప్పాడనుకో. అమ్మ చావుబతుకుల్లో ఉంది, తిప్పొద్దన్నాడనుకో. ఏం చేసేదానివి? పాపని పోలీసులకిచ్చి ముందుకి పోయేదానివా?"

ఆమె తాళంచెవిని కొంగున ముడి వేసుకుంది.

"చెప్పు మరి."

"అదే తెలీడం లేదురా," అంది. "ఎన్నిసార్లు తిప్పి చూసినా ఇద్దరిలో ఒకళ్ళు రోడ్డు మీదే ఉంటున్నారు."

ఆ తర్వాత తమ్ముడు, ఆమె తట్టడం పూర్తయి ముందుకొచ్చేదాకా ఇంజను ఆన్ చెయ్యడం మానేశాడు.

ఇప్పుడు ఆమె దగ్గర ప్రతి ఉదయం బస్సుకు సరిపడా జవాబులు పోగవుతాయి. ఒకరికి ఉద్యోగం ఇచ్చే గది, ఒకరికి కోర్టు మెట్లు, ఒకరికి కొత్త మనవడు. వాటిని ఆమె ఎక్కడా రాసుకోదు. ముందు సీట్లో కూర్చుని, దారి పొడవునా, ఎవరు ముందు చేరాలో మనసులో వరస కడుతూ ఉంటుంది. అందరూ ఒకే వేళకి చేరతారు, వరస కట్టి లాభం లేదని ఆమెకి తెలుసు. అయినా కడుతుంది. కాళ్ళు నేల మీద ఆనించి నొక్కుతూ ఉంటుంది, బ్రేకు తన దగ్గరే ఉన్నట్టు. హోటలు దగ్గర ఆగితే కిందికి దిగదు. ఎంత నొప్పైనా, ఎంత దాహమైనా, తలుపు దగ్గరే నిలబడుతుంది, దిగిన ప్రతి వీపునీ కళ్ళతో తాడు కట్టి పట్టుకున్నట్టు. "అక్కా, కాస్త టీ తాగు," అని హోటలాయన గ్లాసు అక్కడికే పంపిస్తాడు. అది చల్లారిపోతుంది.

ఈ నాలుగు ముక్కలూ రాసుకోవడానికి బస్సెక్కిన మనిషి ముందు సీట్లో ఆమె పక్కనే కూర్చున్నాడు. రెండు నగరాల మధ్య దారంతా ఆమె చెప్పింది. మధ్యలో ఆగింది, చెప్పింది, కిటికీ అద్దం చెంగుతో తుడిచింది. రేపటి నుంచి అడగడం మానేస్తే కాస్త మనశ్శాంతిగా ఉండదా అని ఆ మనిషి అడిగాడు. ఆమె తాళంచెవిని అరచేతిలో తిప్పుతూ చాలాసేపు రోడ్డు చూసింది. దూరంగా నగరం మొదలవుతోంది. ఎండలో గోడలు, గోడల వెనక కిటికీలు, ఆ కిటికీల్లో ఏదో ఒకదాని దగ్గర ఎవరో ఒకరు.

ఆమె ఇటు తిరిగి, పక్క సీటు కడ్డీ మీద మెల్లగా తట్టింది.

"దారంతా నన్నే అడిగారు. మీరు మాత్రం చెప్పలేదు. అక్కడ మీకోసం ఎవరు చూస్తుంటారు?"